నాలుగు పాలపండ్ల కేసు

ఎల్లారెడ్డి
12 నవంబరు 2024, మంగళవారం

కామారెడ్డి సర్కారు దవాఖానల సిస్టరు పని చేసే మా తమ్ముడు లింగం బిడ్డ కృపాజ్యోతికి, నీ మేనత్త గంగామణి రాయిస్తున్న కాయితం.

బాగున్నవా అని అడగను. ఈ కాయితం అందుకు కాదు.

నిన్న పొద్దుగాల నా మనుమరాలు శ్వేత సద్ది తిని, జడలేసుకుని, నోటినిండ పండ్లతోని బడికి పోయింది. పొద్దు గూకినంక నేను గడపల బీడీలు చుట్టుకుంట కూర్చున్న. "అవ్వా" అని పిలిచింది. మాట ఎట్లనో ఉన్నది, నోట్లె ఉడుకు అన్నం పెట్టుకున్నట్టు. నోరు తెరువుమన్న. తెరిచింది. నా చేతిల కత్తెర కిందపడ్డది జ్యోతీ. ముందల పక్కపన్ను లేదు, దవడల మూడు లేవు. పండ్లున్న కాడ ఎర్రటి గుంతలు. ఎనిమిదో ఏడు నడుస్తున్న పిల్లకు నా అసుంటి నోరు చేసిండ్రు!

"ఎవరు కొట్టిండ్రే?" అని లేచిన. అది నవ్వుతది. నవ్వుతున్నది, వింటున్నవా? "కొట్టలే అవ్వా, పీకిండ్రు. బడికాడికి సర్కారు బండి వచ్చింది. జ్యోతి చిన్నమ్మ నా చెయ్యి పట్టుకున్నది" అన్నది.

నువ్వు చెయ్యి పట్టుకున్నవ్! పట్టి ఆపలే, పట్టి పీకించినవ్.

దాని అమ్మ రాజి, నాయిన హన్మండ్లు దసరా అయినంక బిచ్కుంద అవతల మహారాష్ట్రకు చెరుకు నరకను పోయిండ్రు. ఇక్కడ పెద్దదాన్ని నేను. నన్ను ఎవ్వరన్న అడిగిండ్రా? పీకిన నాలుగు పండ్లు ఏడ పెట్టిండ్రు? అవి పాలపండ్లు. ఇంటికి రావాలె. అవి నా చేతిలకు వచ్చేదాక నేను ఊకోను.

ఫోను చెయ్యకు, ఎత్తను. ఫోన్ల మాటకు గవాయి ఉండదు. ఇది కేసు. నువ్వు రాసిందీ నేను రాయించిందీ ఒక్కకాడ కట్టి, ఒక సోమవారం చూసి కలెక్టరు దగ్గర ప్రజావాణిల పెడత. రాస్తున్నది మా వాడ ఆశన్న, పోస్ట్‌మన్ పని చేసి దిగినాయన. "మంచిగ పుస్తకంల ఉన్నట్టు రాస్త గంగమ్మా" అన్నడు. నా నోట్లె వచ్చినట్టే రాయకుంటే చింపి మళ్ల రాయిస్తనన్న.

కింద నా వేలిముద్ర ఉండదు. ఎందుకో నీకెరికే. మీ మామ కాలం చేసిన ఏడు నా మరిది రేషన్ కార్డు అని చెప్పి నా వేలు పట్టి అద్దించుకున్నడు. అది ఎకరం మడి కాయితమని నాట్ల యాళ్లకు ఎరికైంది. గప్పటి సంది ఇరవై రెండేండ్లు. పింఛనుకు మిషిను మీద పెడత. కాయితం మీద మాత్రం పెట్టను. నా మాటే నా దస్కతు.

గంగామణి


కామారెడ్డి
15 నవంబరు 2024

అత్తమ్మకు దండాలు.

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా అందింది. వార్డు వరండాలో నిలబడి చదివాను. చదివాక కాసేపు ఏ మంచం దగ్గరికి పోవాలో మర్చిపోయాను. నువ్వు కాయితమే కావాలన్నావు కాబట్టి కాయితం మీదే చెప్తున్నాను.

ఆగస్టులో సర్కారు ఆరోగ్య బృందం మీ బడికి వచ్చింది. ప్రతి పిల్లా నోరు, కన్ను, చెవి చూస్తారు. సర్కారు బళ్లలో చదివే పిల్లలకు ఇదంతా ఉచితం. బండిలో తీసుకొచ్చి, వైద్యం చేసి, మళ్లీ ఇంటి దగ్గర దించుతారు. శ్వేత పేరు ఎదురుగా ఎర్ర గుర్తు పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నట్టు ముద్ర వేయాల్సిన ఫారం పిల్లతోనే పంపారు. ఆ ఫారం వేలిముద్రతో తిరిగి వచ్చింది. అందుకే పదకొండో తారీఖున ఎల్లారెడ్డి నుంచి వచ్చిన పిల్లల్లో మన శ్వేత కూడా ఉంది. తోడుగా బడి టీచరు వచ్చింది.

చీటీలో పేరు చూసి నేనే పరుగున పోయాను. డాక్టరమ్మ దీపం దించి నోరు చూపించింది. పదకొండేళ్లుగా దవాఖానలో ఉన్నాను అత్తమ్మా, బిత్తరపోయాను. అవి పండ్లు కావు, నల్లటి మొదళ్లు. రెండింటి కింద చీము ఉంది. పిల్ల ఎట్లా తింటున్నదో, ఎట్లా నిద్రపోతున్నదో నాకు అర్థం కాలేదు. ఆ నాలుగూ తీయక తప్పలేదు. వాటి చోట కొత్తవి వస్తాయి.

నువ్వెందుకు లేవని అడగలేదనుకోకు. అడిగాను. "అవ్వ వెనక బస్సుల వస్తున్నది" అని శ్వేతే చెప్పింది. సాయంత్రం దాకా గేటు వైపు చూస్తూనే ఉన్నాను.

పీకిన పండ్లు అడిగావు. వాటిని పసుపు సంచీలో వేస్తారు. ఆ సంచులను బండి వచ్చి తీసుకుపోతుంది. కాల్చేస్తారు. అన్ని దవాఖానల్లో అదే పద్ధతి.

ఇంకో సంగతి, ఇదే ముఖ్యం. ఇంకొక పాలపన్ను కింద చీము మొదలైంది. అన్నీ ఒక్కరోజే తీయరు, అది ఈసారి తీయాలి. దాని వెనక ఉన్న దవడపన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సింది. దానికీ పుచ్చు పట్టింది. ఇప్పుడైతే మందు నింపి కాపాడవచ్చు. నరం దాకా పోతే తీసేయాలి, మళ్లీ రాదు. 28వ తారీఖు గురువారం రమ్మన్నారు. బండి బడి దగ్గరికే వస్తుంది. దయచేసి పంపు. వీలైతే నువ్వూ రా.

నీ కోడలు
జ్యోతి


ఎల్లారెడ్డి
18 నవంబరు 2024, సోమవారం

జ్యోతికి గంగామణి చెప్పి రాయిస్తున్నది.

ఆశన్న నీ కాయితం చదువుకుంట చదువుకుంట "కాల్చేస్తారు" కాడికి వచ్చి ఆగిండు. మళ్ల చదువుమన్న. మళ్ల చదివిండు. మా పక్కింటి శాంతవ్వ నెత్తి మీది నుంచి నీళ్ల బిందె దించుడు మర్చిపోయి అట్లనే నిలబడ్డది.

బతికున్న పిల్ల ఒంట్లెవి నిప్పుల ఏసిండ్రా? ఇంత చదువుకున్నవ్, నీ చెయ్యెట్లొచ్చింది?

పాలపన్ను ఊడితే ఏం చేస్తరో నీకెరిక లేదా? పెండ ఉండల పెట్టి, పిల్లతోనే ఇంటి కప్పు మీద ఏయిస్తరు. కప్పు దాన్ని దాచిపెట్టి కొత్త పన్ను ఇస్తది. మా గూనపెంకుల మీద హన్మండ్లు పండ్లన్నీ ఉన్నయ్. శ్వేతవి ముందల ఊడినయి రెండున్నయ్. నీది సుత ఒకటున్నది! మీ అమ్మ రెండో కాన్పుకు పోయినప్పుడు నువ్వు నా ఇంట్ల ఉన్నవ్, ముందటి పన్ను ఊడింది. నిన్ను సంకలెత్తుకుని ఏయించింది నేను. ఇప్పుడు తెల్లగ నవ్వుకుంట మందికి సూదులిస్తున్నవు గద, ఆ పండ్లు ఎట్లొచ్చినయనుకున్నవ్? మరి నా పిల్ల పండ్లు బూడిదైనంక దానికి కొత్తవి ఎవరిస్తరు, నీ పసుపు సంచి ఇస్తదా?

వేలిముద్ర అంటవ్. ఎవరి వేలు? ఇరవై రెండేండ్ల సంది నా వేలు కాయితం ముట్టలేదని మొదలే రాయించిన. అది దొంగ వేలు. ఆ ఫారం నాకు పంపు, పోలీసుల ముంగట పెడత. బస్సుల వెనక వస్తున్ననని శ్వేత చెప్పిందంటవ్. నా మనుమరాలు అబద్ధమాడదు. ఆ మాట నువ్వు కల్పించినవ్.

నాకు ఇప్పుడు సమజైతున్నది. పోయిన ఏడు వచ్చి "శ్వేతను నా దగ్గర పెట్టు అత్తమ్మా, కామారెడ్డిల చదివిస్త" అన్నవ్. నేను ఇయ్యనన్న. ఆ కచ్చ గిట్ల తీర్చుకున్నవ్. అవ్వకు పిల్లను చూసుకొనుడు రాదని నలుగురిల పెట్టేటందుకు పండ్లు పీకించినవ్. ఆదివారం చర్చిల కండ్లు మూసుకున్నప్పుడు ఈ మాట మీ దేవునికి చెప్పుకో.

పిప్పిపన్ను నాకు కొత్త గాదు. శ్వేతకు రెండేండ్ల సంది వస్తది పోతది. నొప్పంటే నా దగ్గర మందున్నది. చిటికెడు పెడితే పిల్ల చప్పుడు చెయ్యక పండుకుంటది.

28 తారీఖు గిరీఖు లేదు. బండి వస్తే బడి గేటుకు అడ్డం కూసుంట. 25 తారీఖు సోమవారం ప్రజావాణికి వస్తున్న. ఆడ కలుసుకుందం.

గంగామణి
వేలిముద్ర లేదు.


కామారెడ్డి
21 నవంబరు 2024

అత్తమ్మా,

ఫారం అడిగావు. జిరాక్సు ఇందులో పెట్టాను. ఆశన్న మామకు చూపించు.

కచ్చ అన్నావు. నాకు పిల్లలు లేరు కాబట్టి ఆ మాట అనగలిగావు. దానికి జవాబు రాయను. ఈ ఉత్తరాలు కలెక్టరు ముందు పెడతానన్నావు కదా, నేను ఇంతవరకు రాయని ఒక మాట కూడా వాటిలో ఉండాలి. నిన్ను బాధపెట్టొద్దని మొదటి ఉత్తరంలో దాచాను. ఇక దాచను.

ఆ రోజు శ్వేతను కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ సూది చేతిలోకి తీసుకుని "భయమైతున్నదా బేటా?" అంది. శ్వేత తల అడ్డంగా ఊపి, నన్ను వంగమని సైగ చేసింది. నా చెవిలో అడిగింది.

"చిన్నమ్మా, జర తంబాకు ఉన్నదా? ఎక్కువొద్దు, చిటికెడే. దవడల పెట్టుకుంట. అప్పుడు ఏడ్వ."

నేను తప్పు విన్నాననుకున్నాను. డాక్టరమ్మ కూడా విన్నది. సూది పళ్లెంలో పెట్టేసింది. "ఈ పాపకు తంబాకు ఎవరు అలవాటు చేశారు?" అని నన్నే అడిగింది. నేను పిల్ల బంధువునని అప్పటికే చెప్పి ఉన్నాను. నీ పేరు నా నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. తల దించుకున్నాను.

చిటికెడు పెడితే చప్పుడు చేయక పడుకుంటుందని నువ్వే రాయించావు. ఆ మందు బీడీల చాటలోని పొగాకే కదా? అది మందు కాదు అత్తమ్మా. నొప్పి తెలియకుండా మొద్దుబార్చింది, అంతే. కింద పుచ్చు తన పని తాను చేసుకుంటూ పోయింది. రాత్రిళ్లు చాయలో ముంచిన బిస్కెట్టు నోట్లో పెట్టుకునే పడుకుంటుందట, ఏడవకుండా చిన్నప్పుడు చక్కెర మూట చీకించేవాళ్లట. పిల్లే చెప్పింది. ఆ తీపికి కుళ్లాయి. రెండేళ్ల నుంచి నొప్పి ఉందని నువ్వే అంటున్నావు. ఈ రెండేళ్లలో ఒక్కసారి నాకు చెప్పినా నేనే వచ్చి తీసుకుపోయేదాన్ని.

నా మీద కేసు పెట్టు. కలెక్టరు ముందు నిలబడతాను. 28న మాత్రం పిల్లను పంపు. ఈలోపు బుగ్గ ఉబ్బినా, జ్వరం వచ్చినా ఆ తారీఖు కోసం ఆగకు. వెంటనే తీసుకురా.

జ్యోతి


ఎల్లారెడ్డి
24 నవంబరు 2024, ఆదివారం

జ్యోతీ,

నిన్న నీ కాయితం వచ్చింది. తంబాకు మాట చదివినంక ఆశన్న కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. నా దిక్కు చూడలే. నేను అప్పుడు సుత ఒప్పుకోలే. "ముందు ఆ దొంగ వేలు చూపెట్టు" అన్న.

జిరాక్సు తీసిండు. చాలసేపు చూసిండు. "గంగమ్మా, నీ ఎడమ బొటనవేలు ఇటియ్యి" అన్నడు.

ఆకు పట్టుకునే వేలు అది. పెండ్లయిన కొత్తల కత్తెర జారి అడ్డంగ తెగింది. ఆ గీత ఇప్పటికీ ఉన్నది. కాయితం మీద ముద్రల సుత అడ్డంగ తెల్ల గీత ఉన్నది. "నా వేలు కాదు" అన్న. ఆశన్న నా వేలు ఇడిచిపెట్టిండు. నా వెనక గోడ దిక్కు చూసిండు.

గోడకు ఒక బొమ్మ ఉన్నది. ఎండకాలం సెలవులు అయినంక శ్వేత బడి పని అని తెచ్చింది. "ఇంట్ల పెద్దోళ్ల వేళ్లతోని పువ్వు వెయ్యమన్నరవ్వా, నీ వేలియ్యి" అన్నది. స్కెచ్ పెన్ను రంగు వేలుకు పూసి, ఒత్తి, పూసి, ఒత్తి, అయిదు రేకులు చేసింది. కింద ఆకుపచ్చ కాడ గీసింది. అన్నం మెతుకులతోని గోడకు అతికింది. నేను రోజు దాని కింద కూసునే బీడీలు చుడత. అయిదు రేకులకు అయిదు తెల్ల గీతలున్నయ్ జ్యోతీ. ఇన్ని దినాలు కండ్ల ముంగటనే ఉన్నయ్.

శ్వేతను పిలిచిన. ఫారం చూపెట్టిన. చూడంగనే దానికి సమజైంది. గోడకు ఆనుకున్నది.

"దీని మీద నా వేలు ఎప్పుడు పెట్టించినవే?"

"పువ్వు వేసిన రోజు కాదు. మళ్ల ఇంకోదినం. ఇంకో పువ్వు వేస్త అన్న. నువ్వు దారం చుట్టుకుంటనే వేలు చాపినవ్."

నా మరిది చేసిన పనే నా మనుమరాలు చేసింది. చెయ్యెత్తిన, కొట్టలే. ఆశన్న అడ్డమొచ్చిండని కాదు. అది కండ్లు మూసుకుని బుగ్గ నాకు ఇచ్చింది. కొట్టు అన్నట్టు.

"ఎందుకే గిట్ల చేసినవ్? వెనక బస్సుల వస్తున్ననని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు కాయితానికి వేలు పెట్టవు గదా. పెట్టకుంటే బండి ఎక్కనియ్యరన్నది టీచరు. నువ్వు రావట్లేదంటే తిప్పి పంపిస్తరేమో అనుకున్న."

"నొప్పి గంతుంటే నాతోని చెప్పొద్దా?"

"చెప్తే తంబాకు పెడ్తవ్. పెడితే కడుపుల తిప్పుతది."

"మరి ఏడ్వనన్న ఏడ్వొద్దా?"

అప్పుడన్నది జ్యోతీ. "ఏడిస్తే నీ బీడీల లెక్క తప్పుతది గదా అవ్వా. మళ్ల మొదటికెళ్లి లెక్కపెడ్తవ్. తిడ్తవ్. అందుకే నోట్లె దుప్పటి కొంగు పెట్టుకుని పండుకునేది."

నిజమే. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. పద్దెనిమిదో, పందొమ్మిదో కాడ అది మూలిగితే నాకు లెక్క పోయేది. "నోరు మూస్తవా లేదా" అనేది. మూసింది. రెండేండ్లు మూసింది. నేను మందు పనిచేస్తున్నదనుకున్న.

ప్రజావాణికి ఆశన్న రాసిపెట్టిన అర్జీ నా ముంగట ఉన్నది. "పేర్లు మార్చి రాయి. ఫిర్యాది శ్వేత, ముద్దాయి గంగామణి అని రాయి" అన్న. ఆయన రాయనన్నడు. "గట్ల రాసే ఫారం లేదు గంగమ్మా" అన్నడు.

దాని నోరు మళ్ల చూసిన. నువ్వు చెప్పిన దవడపన్ను చూసిన, నల్లగ సూదిమొనంత చుక్క. ఇంకొన్ని దినాలు నీ మాట వినకుంటే ఏమైతుండెనో. ఆశన్నా, చాలు, మడత పెట్టు.

గంగామణి


కామారెడ్డి
26 నవంబరు 2024

అత్తమ్మా,

నీ నుంచి ఉత్తరం లేదు. నిన్న సెలవు పెట్టి కలెక్టరేటుకు పోయాను. ప్రజావాణి వరుసలో పొద్దున పది నుంచి రెండింటి దాకా నీకోసం చూశాను. గాంధారి వాళ్లు, తాడ్వాయి వాళ్లు, ఎందరో వచ్చారు. నువ్వు రాలేదు. కోపంతో రాలేదా, పిల్లకు ఏమైనా అయిందా? ఫోను చేశాను, ఎత్తలేదు. నీ పంతం నాకు తెలుసు. ఫారం చూశాక ఇంకా పెరిగి ఉంటుంది. తంబాకు మాట అంత కటువుగా రాయకుండా ఉండాల్సింది.

రేపటి నుంచి మూడు రోజులు నన్ను బిచ్కుంద క్యాంపుకు వేశారు. 28న నేను ఇక్కడ ఉండను. పండ్ల గదిలో త్రివేణి సిస్టరుకు అంతా చెప్పాను. నా ముఖం చూడటం ఇష్టం లేకనే ఆగిపోయి ఉంటే, అత్తమ్మా, నా ముఖం ఉండదు. ఆ కారణంగానైనా రా.

జ్యోతి


ఎల్లారెడ్డి
30 నవంబరు 2024, శనివారం

బిడ్డా జ్యోతీ,

నీ మేనత్త ఆశీర్వాదం. నువ్వు ముఖం చూపెట్టనని రాసిన కాయితం మేం దవాఖాన నుంచి తిరిగొచ్చినంక అందింది. అది చదివించుకుని నాకు సిగ్గయింది. నేను మంగళవారం నాడే ఆశన్నతోని ఫోను చేయిద్దామనుకున్న. ఏ నోటితోని మాట్లాడాలెనని ఊకున్న. నువ్వు ఎండల నాలుగు గంటలు నిలబడ్డవని తెలువదు.

బుధవారం పొద్దుగాల శ్వేత లేచింది. ఎడమ బుగ్గ లేదు, దాని కాడ రొట్టె పొంగినట్టు వాపున్నది. కన్ను సగం మూసుకపోయింది. ఒళ్లు పెనం తీర్గ కాలుతున్నది. "గురువారం గదా బండి" అన్నది శాంతవ్వ. "ఆగకు" అని నువ్వు రాసిన మాట నా చెవుల మోగింది. మొదటి బస్సుకు ఉరికిన. లింగంపేట, తాడ్వాయి ఎట్ల దాటినమో నాకు తెలువదు.

నువ్వు లేవు. త్రివేణి సిస్టరు లోపటికి తీసుకపోయింది. డాక్టరమ్మ చూసి, "ఇంకో రెండు రోజులైతే చీము కన్ను లోపలికి పాకేదవ్వా. ప్రాణం మీదికి వస్తది" అన్నది. పండ్లకు ప్రాణం పోతదా జ్యోతీ? అరవై ఎనిమిదేండ్లొచ్చినయ్, ఈ మాట నేను ఎన్నడు వినలే.

ఫారం తెచ్చి పెట్టిండ్రు. సిరా డబ్బా పెట్టిండ్రు. "చదువు" అన్న. త్రివేణి చదివింది. నమ్మకం లేక కాదుగని, వరుసల ఉన్న ఒకాయనను పిలిచిన. గాంధారి కాడి తండా ఆయన, ప్రేమ్‌సింగ్, మనుమణ్ని తెచ్చుకున్నడు. "అన్నా, నువ్వొకసారి చదువు" అన్న. ఆయన కూడబలుక్కుంట చదివిండు. ఇద్దరు చదివింది ఒక్కటే ఉన్నది. శ్వేత నా దిక్కే చూస్తున్నది. మూసుకపోని కన్నుతోని చూస్తున్నది.

వేలు పెట్టిన. గట్టిగ పెట్టిన.

చీము తీసి ఆ పాలపన్ను పీకిండ్రు. పసుపు సంచి మూత తెరిచిండ్రు. నేను లేచి, "అమ్మా, కొట్లాటకు రాలే. జర ఆ పన్ను నాకిస్తవా? మా ఇంటి కప్పు మీద ఏసుకుంట" అన్న. డాక్టరమ్మ నవ్వింది. కడిగి, దూదిల చుట్టి నా చేతిల పెట్టింది. "ఆ రోజు ఎవరన్న అడిగుంటే ఆ నాలుగు సుత ఇచ్చేదుంటిమి" అన్నది.

అడిగితే ఇస్తరట జ్యోతీ! కేసు లేదు, కలెక్టరు లేడు, అడిగితే చాలట. అడిగేటందుకు నేను ఆడ లేను. నేను లేకుంట చేసుకున్నది నేనే. దూది పట్టుకుని ఆ కుర్చీ కాడనే కూలబడ్డ. త్రివేణి నీళ్లిచ్చింది.

ఆ రాత్రి వార్డుల్నే ఉంచిండ్రు. తెల్లారి వాపు తగ్గింది. దవడపన్నుకు మందు నింపిండ్రు. ఒక్క పైస అడగలే. ఆ పన్ను ఇప్పుడు తెల్లగ, గవ్వ లెక్క కనబడ్తది. ఈ పన్ను నీకు సచ్చేదాక ఉంటదని డాక్టరమ్మ చెప్తే, శ్వేత అద్దం ఇడిచిపెడ్తలేదు.

గేటు బయట ఆవులు పండుకుని ఉన్నయ్. పెండ దొరికింది. ఇంటికి పోయినంక వేద్దమంటే శ్వేత వినలే. "కొత్త పన్ను గీడనే బాగుచేసిండ్రు గద అవ్వా, గీ కప్పు మీదనే వేస్త" అన్నది. అంత పెద్ద బిల్డింగు, దాని చెయ్యి ఎట్లందుతది? సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు ఉన్నది. ఆడికి విసిరింది. రేకు మీద టంగున మోగింది. వాచ్‌మన్ ఉరికొచ్చిండు. "ఏయ్ ముసలమ్మా, రాళ్లేస్తున్నరా?" అన్నడు. "రాయి కాదు నాయినా, పన్ను. కిందికి తియ్యకు, నీకు పుణ్యముంటది" అన్న. ఆయన పైకి చూసి, మమ్ముల చూసి, ఏమనాలెనో తెలువక పోయిండు. నువ్వు క్యాంపు నుంచి వచ్చినంక ఆ షెడ్డు దిక్కు ఒకసారి చూడు. అది ఉన్నదా అని శ్వేత అడుగుతున్నది.

బీడీలు చుట్టుడు బందు చేస్తనని అబద్ధం చెప్పను. దాని మీదనే బతుకుతున్నం. చాట మాత్రం శాంతవ్వ ఇంటి ముంగటికి మార్చిన. తంబాకు నా కొంగుకు కట్టుకుని తిరుగుడు బందైంది. బిస్కెట్టు పొద్దుగాలనే, పండుకునే ముంగట నోరు కడుగుడు. నీ మాటలు, డాక్టరమ్మ మాటలు ఆశన్న గోడ మీద బొగ్గుతోని రాసిండు. పువ్వు బొమ్మ కిందనే రాసిండు. దాన్ని తీయలే.

శ్వేతను నీ దగ్గర ఉంచుమని నువ్వు మళ్ల అడగకు. ఇయ్యను. సంక్రాంతి సెలవులల్ల మాత్రం పది రోజులు వస్తది. దానితోని నేను సుత వస్త. నాకు సుత రెండు పిప్పిపండ్లున్నయ్. ముసలోళ్లకు చూస్తరో లేదో అడిగిపెట్టు. అడుగుడు నేర్చుకుంటున్న.

నిన్న సందెకాడ బీడీలు కట్టకడుతున్న. పన్నెండో పదమూడో కాడ "అవ్వా, నొస్తున్నదే" అని శ్వేత గట్టిగ ఏడ్చింది. పన్ను తీసిన పుండు సలుపుతున్నది. వాడంత వినపడేట్టు ఏడ్చింది. లెక్క పోయింది. కట్ట పక్కకు పెట్టి, దాన్ని ఒళ్లె కూసబెట్టుకుని, దవాఖానోళ్లిచ్చిన గోలీ ఏసిన. అది నిద్రపోయినంక మళ్ల ఒకటికాన్నుంచి మొదలుపెట్టిన.

నీ మేనత్త
గంగామణి

కింద ఉన్నది నా ఎడమ బొటనవేలు. ఆశన్న రెండుసార్లు చదివినంక వేసిన. అడ్డంగీత చూసుకో, నాదే.